గతుకు మీద లొడలొడ: పాత మియాటా సస్పెన్షన్‌లో చప్పుడు మూలాన్ని పట్టుకునే తీరు

మాజ్డా కంపెనీ 1989లో చికాగో ఆటో షోలో తొలిసారి చూపించిన చిన్న రెండు సీట్ల ఓపెన్ టాప్ కారును అమెరికాలో మియాటా అనీ, యూరప్‌లో ఎంఎక్స్-5 అనీ, జపాన్‌లో రోడ్‌స్టర్ అనీ పిలుస్తారు. 2016 ఏప్రిల్‌ నాటికి పది లక్షల కార్లు తయారైన ఈ మోడల్‌లో, ఎన్ఏ అనే మొదటి తరం, 1998లో వచ్చిన ఎన్‌బీ అనే రెండో తరం కార్లు ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటి, కొన్ని ముప్పై అయిదేళ్లు కూడా దాటాయి. ఇంజిన్ గట్టిది కనుక అవి ఇంకా తిరుగుతున్నాయి; ధర అందుబాటులో ఉంటుంది కనుక చేతులు మారుతున్నాయి. అలా చేయి మారిన కారులో కొత్త యజమాని మొదటి వారంలోనే గమనించేది ఒకటుంటుంది: చిన్న గతుకుల మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు, ముందు చక్రాల దగ్గర వినిపించే లొడలొడ.

ఈ చప్పుడుకు సాధారణంగా జరిగే వైద్యం ఊహించదగినదే. మొదట లింక్ రాడ్లు, అంటే కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ కొసలను పట్టుకునే చిన్న కడ్డీలు, మారుస్తారు. చప్పుడు పోకపోతే షాకబ్జర్లు మారుస్తారు. అప్పటికీ పోకపోతే కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు, ఆ తర్వాత చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే ఆర్మ్‌లు. చివరికి సస్పెన్షన్ సగం కొత్తదవుతుంది, చప్పుడు మాత్రం పాతదే మిగులుతుంది. లోపం భాగాల్లో లేదు, ప్రశ్నలో ఉంది. "ఎక్కడి నుంచి వినిపిస్తోంది" అని అడిగినంత కాలం చెవి దారి తప్పిస్తూనే ఉంటుంది. లొడలొడ పుట్టాలంటే రెండు షరతులు ఒకేసారి కుదరాలి: రెండు భాగాల మధ్య ఖాళీ ఉండాలి, ఆ ఖాళీని ఒక పక్క నుంచి మరో పక్కకు దాటించేలా బలం దిశ మారాలి. ఖాళీ ఉన్నా బలం ఎప్పుడూ ఒకే వైపు నొక్కి పట్టి ఉంటే చప్పుడు రాదు. కాబట్టి అడగవలసిన ప్రశ్న వేరు: ఏ బలం దిశ మారినప్పుడు ఇది మోగుతోంది?

చెవిని నమ్మకూడదనడానికి కారణం ఉంది. ఈ కారులో ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లన్నీ సబ్‌ఫ్రేమ్ అనే ఒక ఉక్కు చట్రానికి బిగించి ఉంటాయి. ఆ సబ్‌ఫ్రేమ్ బాడీకి బిగించి ఉంటుంది. ఎడమ చక్రం దగ్గర పుట్టిన తాకిడి ఆ ఉక్కు గుండా పరుగెత్తి, ఎక్కడ పలుచని రేకు దొరికితే అక్కడ గట్టిగా మోగుతుంది. డ్రైవర్‌కు అది కుడి కాలి దగ్గర వినిపించవచ్చు, డాష్‌బోర్డు వెనకాల వినిపించవచ్చు. తలుపులు మూసిన చిన్న క్యాబిన్‌లో మంద్రమైన శబ్దాల దిశను చెవి అసలు గుర్తుపట్టలేదు. పైకప్పు తెరిచి వింటే కొంత నయం. గోడ పక్కగా, లేదా వరుసగా ఆగి ఉన్న లారీల పక్కగా నెమ్మదిగా నడిపితే చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది కనుక కనీసం కుడా ఎడమా అన్నది తేలుతుంది. అంతకు మించి చెవి సాయం చేయదు.

స్పోర్ట్స్ కారుకు ఈ బాధ ఎక్కువ కావడంలో వింత లేదు. మియాటాను రూపొందించిన వారు పెట్టుకున్న ఆదర్శం జిన్బా ఇట్టాయ్, అంటే రౌతూ గుర్రమూ ఒకటైపోవడం. రౌతు కొద్దీ గుర్రం అని మనం అనుకున్నదానికి ఇది ఒక అడుగు ముందున్న మాట. రోడ్డు చెప్పేదంతా డ్రైవర్ చేతికి, వెన్నుకు చేరాలన్న ఉద్దేశంతో కారును తేలికగా ఉంచారు. జపాన్‌లో అమ్మిన తొలి 1.6 లీటర్ల కారు బరువు దాదాపు 940 కిలోలే. శబ్దాన్ని మింగే మందపాటి పరుపులు, తారు పలకలు అందులో తక్కువ. పెద్ద సెడాన్‌లో అర మిల్లీమీటరు ఖాళీ ఎవరికీ వినిపించకుండా ఏడాది గడిచిపోతుంది. ఇక్కడ అదే ఖాళీ వారంలో బయటపడుతుంది. దానికి తోడు మునుపటి యజమానులు గట్టి స్ప్రింగులు, లావుపాటి స్టెబిలైజర్ బార్ వేయించి ఉండటం ఈ కార్లలో మామూలు. బార్ లావైన కొద్దీ దాన్ని పట్టుకున్న లింకుల మీద పడే బలం పెరుగుతుంది, అవి అరగడమూ త్వరపడుతుంది.

పరీక్షకు పూనుకునే ముందు సస్పెన్షన్ కానివాటిని పక్కన పెట్టాలి. దీన్ని చిన్న పనిగా చూసి దాటవేసేవారే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు. మొదట టైర్ల గాలి చూడాలి. మొదటి తరం మియాటాకు కంపెనీ చెప్పిన గాలి 26 పీఎస్ఐ. పెట్రోలు బంకులో అలవాటుగా 32 కొట్టించిన కారులో ప్రతి చిన్న రాయీ సుత్తి దెబ్బే అవుతుంది. తర్వాత డిక్కీ. ఈ రెండు తరాల్లోనూ బ్యాటరీ ఇంజిన్ దగ్గర ఉండదు, డిక్కీలో ఉంటుంది. దాని పట్టీ లూజైతే వచ్చే ఢక్కు ఢక్కు అనే మోత అచ్చం వెనక షాకబ్జర్ పాడైనట్టే ఉంటుంది. జాకీ, స్పానర్లు కూడా అక్కడే. మొదటి తరంలో పైకి లేచే హెడ్‌లైట్లు ఉన్నాయి. వాటి మూతల కింద ఉండే రబ్బరు దిమ్మలు ఎండిపోతే మూతలు గతుకు గతుకుకూ టకటకలాడతాయి. వాటిని పైకి లేపి ఒకసారి, దించి ఒకసారి అదే రోడ్డు మీద నడిపితే సందేహం తీరిపోతుంది. తలుపుల్లోని అద్దాలు, పైకప్పు గొళ్లేలు, సైలెన్సర్ పైన ఉండే వేడి రేకు కూడా ఇదే కోవకు చెందుతాయి. బ్రేకు ప్యాడ్ల సంగతి ఇంకా సులువు: లొడలొడ వస్తుండగా బ్రేకు పెడల్‌ను తేలికగా, వేగం తగ్గనంత మెల్లగా తాకితే ప్యాడ్లు డిస్కును అంటుకుంటాయి. ఆ క్షణంలో మోత ఆగిపోతే అది ప్యాడ్లను పట్టుకుని ఉండే క్యాలిపర్‌లో ఉంది, ఆర్మ్‌లలో లేదు.

ఇంత చేశాక మిగిలిన చప్పుడే సస్పెన్షన్‌ది. దాన్ని రోడ్డు మీదే, స్పానర్ పట్టకుండానే, చాలా దూరం విడదీయవచ్చు.

దీనికి స్టెబిలైజర్ బార్ పని చేసే తీరును గుర్తుపెట్టుకుంటే చాలు. ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలిపే ఆ ఉక్కు కడ్డీ, రెండు చక్రాలు ఒకేలా లేచినప్పుడు తన రబ్బరు బుష్‌లలో ఊరికే తిరుగుతుంది తప్ప మెలి తిరగదు. ఒక చక్రం లేచి మరొకటి లేవనప్పుడే అది మెలి తిరిగి, రెండు కొసల్లో ఉన్న లింక్ రాడ్ల మీద బలం చూపిస్తుంది. మియాటాలో ఈ లింకు బార్ కొసను లోయర్ ఆర్మ్‌కు కలుపుతుంది. తిన్నటి రోడ్డు మీద సూటిగా పోతున్నప్పుడు లింకు మీద బలం దాదాపు సున్నా. ఆ సున్నాకు అటూ ఇటూ చిన్న గతుకులు బలాన్ని ఊపుతుంటాయి. లింకు కొసలో అరిగిన బాల్ జాయింట్‌లోని గుండు తన గిన్నెలో ఈ గోడకూ ఆ గోడకూ కొట్టుకునేది సరిగ్గా ఈ స్థితిలోనే.

దీని నుంచి మూడు పరీక్షలు వస్తాయి. వెడల్పుగా, నునుపుగా ఉన్న స్పీడ్ బ్రేకర్‌ను నిటారుగా, రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటి చూడాలి. తర్వాత అదే స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా, ఒక చక్రం ముందు, ఒకటి తర్వాత ఎక్కేలా దాటాలి. నిటారుగా దాటినప్పుడు నిశ్శబ్దంగా ఉండి, ఏటవాలుగా దాటినప్పుడు మోగితే అనుమానం బార్ మీదకు, దాని లింకుల మీదకు, దాన్ని పట్టుకున్న డీ ఆకారపు బుష్‌ల మీదకు పోతుంది. రెండు సార్లూ మోగితే షాకబ్జర్, దాన్ని పైన బాడీకి బిగించే మౌంటు, కదలిక చివర దెబ్బను ఆపే బంప్ స్టాప్ వైపు చూడాలి. ఎందుకంటే చక్రం ఎలా లేచినా వాటి మీద బలం దిశ మారుతూనే ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ముచ్చటైనది. అదే గతుకులు ఉన్న పొడవైన మలుపు దొరికితే, సూటి రోడ్డు మీద వచ్చిన లొడలొడ మలుపులో మాయమైపోతుందేమో వినాలి. మలుపులో కారు ఒక పక్కకు ఒరుగుతుంది, బార్ మెలి తిరిగి లింకును ఒకే వైపు బిగించి పట్టుకుంటుంది, ఖాళీ ఉన్నా గుండు అటూ ఇటూ పోలేదు. మలుపులో మూగబోయి, సూటిగా రాగానే మళ్లీ మొదలయ్యే చప్పుడు లింక్ రాడ్‌దే అని చెప్పడానికి పెద్దగా సందేహించనక్కర్లేదు. హైదరాబాదు కాలనీల్లో లాగా యాభై అడుగులకో స్పీడ్ బ్రేకర్ ఉన్న చోట ఈ పరీక్షలకు స్థలం కోసం వెతుక్కోవలసిన పని ఉండదు.

బ్రేకు వేసినప్పుడు మాత్రమే వచ్చే ఒకే ఒక్క గట్టి దెబ్బ వేరే జాతి. అది లొడలొడ కాదు, ఢక్. బ్రేకు బలం చక్రాన్ని వెనక్కి లాగుతుంది, కారును వెనక్కి పోనిచ్చి బ్రేకు వేసినప్పుడు ఆ బలం దిశ మారుతుంది. ఖాళీ మైదానంలో గంటకు పది కిలోమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ నడుపుతూ గట్టిగా బ్రేకు వేస్తే, లోయర్ ఆర్మ్ బుష్‌లు చిరిగి ఉంటే ప్రతిసారీ ఢక్ మంటాయి. ముందు నుంచి వెనక్కి మారినప్పుడు ఒకే ఒక్కసారి చిన్న టక్ వినిపిస్తే అది ప్యాడ్లు తమ గూటిలో జరగడం. దానికి చేయవలసినదేమీ లేదు. చప్పుడుతో పాటు స్టీరింగ్ చక్రంలో కూడా చిన్న అదురు తగిలితే స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే స్టీరింగ్ ర్యాక్, టై రాడ్ చివరలు జాబితాలోకి వస్తాయి.

మోగే తీరు వయసునీ వాతావరణాన్నీ కూడా పట్టి చెబుతుంది. చలికాలం పొద్దున్నే గట్టిగా ఉండి, పది కిలోమీటర్లు పోయాక తగ్గిపోయే చప్పుడు ఎక్కువగా రబ్బరుదో షాకబ్జర్ నూనెదో అయి ఉంటుంది. రెండూ చలికి బిగుసుకుంటాయి. ఉక్కు గుండు ఉక్కు గిన్నెను కొట్టే మోతకు చలీ వేడీ పెద్దగా తేడా చేయవు. వాన పడితే ఆగిపోయే కీచుమనే శబ్దం ఎండిన బుష్‌ది. ఇది ప్రమాదం కాదు, చికాకు మాత్రమే.

రోడ్డు పరీక్షలు అనుమానాన్ని ఒకటి రెండు భాగాలకు కుదించాక కారును ఎత్తాలి. ఇక్కడే ఎక్కువ మంది మెకానిక్కులు మోసపోతారు. అలవాటు ప్రకారం అనుమానం ఉన్న పక్క మాత్రమే జాకీ వేసి ఎత్తుతారు. ఆ పక్క చక్రం కిందికి వేలాడుతుంది, రెండో చక్రం నేల మీదే ఉంటుంది, మధ్యలో బార్ గట్టిగా మెలి తిరిగిపోతుంది. ఆ మెలికతో లింకు బిర్రుగా పట్టుకుపోయి ఉంటుంది. చేత్తో ఊపితే చలించదు. "లింకు బాగానే ఉంది సార్, షాకబ్జర్ పోయింది" అనే తీర్పు అక్కడ పుడుతుంది. లింకును పరీక్షించాలంటే ముందు రెండు చక్రాలనూ సమానంగా ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి, లేదా రెండూ నేల మీదే ఉండాలి. అప్పుడు బార్ సేదతీరుతుంది. ఒక వేలు లింకు కొస మీద, ఒక వేలు ఆ కొస బిగించిన ఆర్మ్ మీద, రెండింటికీ తగిలేలా పెట్టి, మరొకరిని కారును మెల్లగా ఊపమంటే, చెవికి వినిపించని టిక్కు కూడా వేలికి తగులుతుంది. మెకానిక్కులు ప్లే అనే ఆ ఖాళీని పట్టుకోవడంలో వేలికి మించిన పరికరం లేదు. కారు కింద చేయి పెట్టే ఏ పనికైనా జాకీని నమ్మకూడదని, స్టాండ్లు తప్పనిసరని వేరే చెప్పనక్కర్లేదు.

అయినా తేలకపోతే ఒక ఖరీదు లేని నిర్ణాయక పరీక్ష ఉంది. రెండు లింకులనూ కింది కొస దగ్గర విప్పి, బార్ దేనికీ తగలకుండా తీగతో పైకి కట్టేసి, అదే రోడ్డు మీద నెమ్మదిగా నడపాలి. బార్ పని చేయదు కనుక మలుపుల్లో కారు ఎక్కువ ఒరుగుతుంది. నలభై దాటకుండా పోవాలి. చప్పుడు పోయిందా, అది బార్ కుటుంబానిదే. ఉందా, లింకులకు క్లీన్ చిట్ ఇచ్చి ముందుకు సాగవచ్చు. ఒక గంట పని, కొత్త భాగాల ఖర్చు సున్నా. భాగాలు మార్చి చూసే పద్ధతి కంటే భాగాలు తీసి చూసే పద్ధతి ఎప్పుడూ చవక.

బాల్ జాయింట్ల పరీక్షలో వేరే మెలిక ఉంది. మియాటాలో నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ అమరిక, అంటే ఒక్కో చక్రానికి పైన ఒక ఆర్మ్, కింద ఒక ఆర్మ్ (లోయర్ ఆర్మ్). స్ప్రింగ్, షాకబ్జర్ కలిసి కూర్చునేది లోయర్ ఆర్మ్ మీద. అంటే కారు బరువు చక్రం నుంచి కింది బాల్ జాయింట్ మీదుగానే స్ప్రింగుకు చేరుతుంది. ఆ జాయింట్‌లో ఖాళీ ఉన్నా బరువు దాన్ని ఒకే వైపు నొక్కి ఉంచుతుంది కనుక, అరిగిన తర్వాత కూడా అది చాలా కాలం మాట్లాడదు. చక్రం గోతిలోకి జారి ఒక్క క్షణం తేలికైనప్పుడే మోగుతుంది. అంతేకాక, గుండు అరిగేది అది రోజూ ఉండే కోణంలో. చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి ఊపితే గుండు అరగని భాగం మీదకు తిరిగి బిగువుగా అనిపించవచ్చు. అందుకే లోయర్ ఆర్మ్ చివర కింద జాకీ పెట్టి, కారు నేల మీద ఉన్నప్పటి ఎత్తుకు దాన్ని చేర్చి, టైరు నేలను వీడి రెండు వేళ్ల సందు ఉన్నప్పుడు, టైరు కింద గడ్డపార ఆనించి పైకి ఎత్తి చూడాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక కనిపిస్తే అది బేరింగ్‌దా, బాల్ జాయింట్‌దా అన్న సందేహం వస్తుంది. ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే చక్రం బిగించే హబ్బు, దాన్ని ఆర్మ్‌లకు కలిపే నకిల్ అనే ఉక్కు ముక్క ఒకటైపోతాయి. అప్పుడు కదలిక పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. ఇందులో తేలిన లోపాన్ని చప్పుడుగా కాక ప్రమాదంగా చూడాలి. లింక్ రాడ్ ఊడిపోతే కారు ఒరుగుతుంది, అంతే. కింది బాల్ జాయింట్ ఊడితే చక్రం మడిచిపోతుంది. బ్రిటన్‌లో ఏటేటా జరిగే ఎంఓటీ తనిఖీలో బాల్ జాయింట్ల ఖాళీని ప్రత్యేకంగా చూసేది అందుకే.

షాకబ్జర్ వైపు వస్తే, ఈ కారులో నూనె కారడం కంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. ఒకటి, పై మౌంటులో కడ్డీని పట్టుకున్న నట్టు. షాకబ్జర్లు మార్చినప్పుడు ఎయిర్ గన్‌తో బిగిస్తే నట్టుతో పాటు కడ్డీ కూడా తిరుగుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, కాని లోపలి రబ్బరు ఉంగరాలు పూర్తిగా కూర్చోవు. కొత్త షాకబ్జర్లు వేసిన వారం లోపు మొదలైన లొడలొడకు ముందుగా అనుమానించవలసినది ఈ నట్టునే. బానెట్ తెరిచి, షాకబ్జర్ పై కొస బిగించి ఉండే టవర్ పైన ఉన్న ఆ నట్టు మీద వేలు పెట్టి, మరొకరిని కారు మూలను ఊపమంటే తెలుస్తుంది. రెండోది బంప్ స్టాప్. మొదటి రెండు తరాల మియాటాల్లో సస్పెన్షన్ కదిలే దూరం తక్కువ. నురుగులాంటి పాలీయూరిథేన్‌తో చేసిన బంప్ స్టాప్ ప్రమాదపు అడ్డుకట్ట మాత్రమే కాదు, అది రెండో స్ప్రింగులా రోజూ పని చేస్తుంది. వయసుతో అది పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు తొడుగు ఎత్తి చూస్తే లోపల ముద్ద బదులు ముక్కలు కనిపిస్తాయి. అప్పుడు కారు పెద్ద గుంతల్లో లోహానికి లోహం తగిలినట్టు దబ్బున కొడుతుంది. కారును కిందికి దించిన పొట్టి స్ప్రింగులు వేసి ఉంటే ఇది రెట్టింపవుతుంది. పైగా కొన్ని పొట్టి స్ప్రింగులు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు వాటి గూట్లో లూజైపోతాయి. చక్రం మళ్లీ పైకి వచ్చేటప్పుడు ఠంగుమంటూ కూర్చుంటాయి. కారును ఎత్తి స్ప్రింగును చేత్తో తిప్పి చూస్తే ఈ సంగతి నిమిషంలో తేలుతుంది.

మరమ్మతులో కష్టం లోపాన్ని బట్టి కాదు, తుప్పును బట్టి ఉంటుంది. శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల ఉండే తెలుగువారికి ఈ బాధ పరిచయమే. లోయర్ ఆర్మ్ లోపలి కొసల్లో ఉండే కామ్ బోల్టులు బుష్‌లోని ఇనుప గొట్టంతో తుప్పు పట్టి ఒకే ముద్దగా అతుక్కుపోతాయి. చక్రాల అలైన్‌మెంట్ సర్దేది వీటితోనే కనుక, అవి బిగుసుకుపోయిన కారులో అలైన్‌మెంట్ కూడా కుదరదు. నూనె పోసి రాత్రంతా నానబెట్టడం, వేడి చేయడం, చివరికి బుష్‌కు అటూ ఇటూ రంపంతో కోయడం తప్ప దారి లేదు. కొనబోయే కారులో ఈ బోల్టులు తిరుగుతున్నాయో లేదో చూడటం రంగు మెరుపు చూడటం కంటే ముఖ్యం.

లింక్ రాడ్ మార్చడం ఇందులో సులువైన పని. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండగా విప్పాలి. లేకపోతే మెలి తిరిగిన బార్ చేతిని కొడుతుంది. నట్టుతో పాటు గుండు కూడా తిరుగుతుంటే, స్టడ్ కొసలో ఉండే ఆరు పలకల రంధ్రంలో ఆలెన్ కీ పెట్టి ఆపాలి. నైలాన్ ఉంగరం ఉన్న పాత నట్టును మళ్లీ వాడకూడదు. రెండు వైపులా కలిపి మార్చడం మంచిది. ఒకటి అరిగిన దూరమే రెండోదీ తిరిగింది. ఎక్కువ ధర పెట్టి, రేసు కార్లలో వాడే రోజ్ జాయింట్ల సర్దుబాటు లింకులు వేయించేవారు ఒక సంగతి తెలుసుకుని వేయించాలి: వాటికి చాలా సార్లు రబ్బరు బూటు ఉండదు. దుమ్మూ నీళ్లూ నేరుగా గుండును చేరతాయి, వీధుల్లో తిరిగే కారులో అవి కంపెనీ లింకుల కంటే ముందే మోగడం మొదలుపెడతాయి. చప్పుడు పోగొట్టుకోవడానికి చప్పుడునే కొనుక్కున్నట్టవుతుంది. పొడవు మార్చగల లింకుల వల్ల నిజమైన ప్రయోజనం, డ్రైవర్ సీట్లో కూర్చున్నప్పుడు బార్‌లో మెలిక లేకుండా చూసుకోగలగడం. రేసు ట్రాక్‌కు వెళ్లని వారికి ఆ ప్రయోజనం వేలికీ తగలదు.

కింది బాల్ జాయింట్ ఆర్మ్‌కు బోల్టులతో బిగించినది కనుక ఆర్మ్ మొత్తం మార్చనవసరం లేదు. నకిల్‌లో దిగిన దాని కోసు (కొసకు సన్నబడే) భాగాన్ని విడదీయడానికి రెండు కాళ్ల ఇనుప పంగను సందులో పెట్టి కొడితే రబ్బరు బూటు చిరుగుతుంది. జాయింట్ ఎలాగూ పారేసేదే అయితే పరవాలేదు, వేరే పని కోసం విప్పుతున్నదైతే కొత్త చప్పుడుకు విత్తనం వేసినట్టే. నట్టును రెండు చుట్లు వదులు చేసి, నకిల్ చెవికి పక్క నుంచి సుత్తితో గట్టి దెబ్బ వేస్తే కోసు వదులుతుంది. తిరిగి బిగించేటప్పుడు, నట్టు వదులు కాకుండా గుచ్చే కాటర్ పిన్ రంధ్రం కలవకపోతే నట్టును ఇంకొంచెం బిగించి కలపాలి తప్ప వెనక్కి వదులు చేసి కలపకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు రబ్బరు బుష్‌ల బిగింపులో ఉంది. కంపెనీ వేసిన బుష్‌లో రబ్బరు బయటి గొట్టానికీ లోపలి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టుకుపోతుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ ఊగడమంతా రబ్బరు మెలి తిరగడం వల్లే. అది తిరిగే బేరింగ్ కాదు. కారు స్టాండ్ల మీద ఉండి చక్రాలు వేలాడుతుండగా ఆ బోల్టులను పూర్తిగా బిగిస్తే, వేలాడిన స్థితినే రబ్బరు తన సహజ స్థితిగా భావిస్తుంది. కారును దించగానే అది మెలి తిరిగి, ఆ మెలికలోనే రాత్రీ పగలూ ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చిరుగుతుంది. కొత్త బుష్‌లు కూడా ఆరు నెలలకే పోయాయి, సరుకు బాగాలేదు అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే. బోల్టులను వేళ్లతో బిగువుగా ఉంచి, కారు బరువు చక్రాల మీదకు వచ్చాక, నాలుగుసార్లు ఊపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో మాన్యువల్ చెప్పిన బిగింపుకు చేర్చాలి. ర్యాంపు దొరకకపోతే చక్రాల కింద ఎత్తు దిమ్మలు పెట్టి అయినా చేయాలి. పాలీయూరిథేన్ బుష్‌ల సంగతి వేరు. అవి అతుక్కుని ఉండవు, గొట్టం చుట్టూ తిరుగుతాయి కనుక ఏ ఎత్తులో బిగించినా ఒకటే, కాని వాటికి తగిన గ్రీజు లేకపోతే కీచుమంటాయి. మామూలు పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది; బార్ బుష్‌లకైనా సిలికాన్ గ్రీజే వాడాలి.

పని అయ్యాక పరీక్ష కూడా పనిలో భాగమే. అదే రోడ్డు, అదే వేగం, టైర్లలో అదే గాలి, వీలైతే అదే పొద్దు. ఆర్మ్ బోల్టులు కదిపి ఉంటే అలైన్‌మెంట్ చేయించాలి. చప్పుడు పోయి టైరు లోపలి అంచు నెలలో అరిగిపోతే లాభం లేదు. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగింపు మళ్లీ ఒకసారి చూడాలి, ముఖ్యంగా షాకబ్జర్ పై నట్టు.

ఈ పరీక్షలో ఒక చిన్న నిరాశ ఎదురుకావచ్చు. లింకుల లొడలొడ పూర్తిగా పోయిన మొదటి రోజే అంతకు ముందెన్నడూ వినని సన్నటి టకటక ఒకటి వినిపిస్తుంది. మరమ్మతులో ఏదో వదులుగా వదిలేశారని మెకానిక్ దగ్గరకు పరుగెత్తడానికి ముందు హెడ్‌లైట్లు పైకి లేపి అదే వీధిలో ఒకసారి తిరిగి రావాలి. పెద్ద మోత కింద ఇన్నాళ్లూ అణిగి ఉన్న ఆ మూతల రబ్బరు దిమ్మలకు రెండు చుట్లు పైకి తిప్పడం తప్ప వేరే వైద్యం సాధారణంగా అవసరం పడదు.